చిన్న వేషాల పెద్దమనిషి

నేను ఐర్లండ్‌లోని డ్రోహెడాకి వచ్చిన అయిదో నెలలో, కరోనా భయంతో, వృద్ధులుండే మా నర్సింగ్ హోమ్ తలుపులు మూసేశారు. బయటివాళ్ళు ఎవరూ, కన్నబిడ్డయినా కట్టుకున్నవాళ్ళయినా, లోపలికి రాకూడదని ముందు తలుపుకి కాగితం అంటించారు. నలుగురైదుగురు ఉద్యోగులం ఆ కాగితం ముందు నిలబడి చదువుకున్నాం. పది పదిహేను రోజుల ముచ్చట అనుకున్నాం అప్పటికి.

ఒంగోలులో పదకొండేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని నేను. ఇక్కడ రిజిస్ట్రేషన్ వచ్చేదాకా కేరర్‌గా చేరాను. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం, పక్కలు సర్దడం నా పని. మా ఆయన, అయిదేళ్ళ మా పాప ఆ వేసవికి రావాలి. వాళ్ళ పాస్‌పోర్టులు వీసా ఆఫీసులో ఉండగానే ఆ ఆఫీసు మూతపడింది.

నేనుండే ఇంట్లో నాతోపాటు వరంగల్ అమ్మాయి ఒకతె ఉండేది. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకరోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు రోజూ నర్సింగ్ హోమ్‌కి పోయొస్తున్నవ్. నాకు ఆస్తమా ఉంది గదా, మా అమ్మ ఫోన్ల ఒకటే ఏడుస్తుంది. కొన్ని రోజులు బాలింకాలిగ్‌ల మా అక్కోళ్ళ దగ్గర ఉంట."

"పో తల్లీ. ఇందులో అనుకోవడానికేముంది?" అన్నాను.

"నా ప్రెస్‌ల బియ్యం, పప్పులున్నయ్. వాడుకో అక్కా."

వంటింటి అలమరని ఇక్కడ ప్రెస్ అంటారు. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. దేశమంతా తాళం పడ్డది ఆ తర్వాత వారానికే. ఆ మూడు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. నేను డ్యూటీ దిగి స్నానం చేసి ఫోన్ పట్టుకునేసరికి ఒంగోలులో పాప నిద్రలో ఉండేది. సెలవు రోజుల్లో తప్ప దాని గొంతు వినబడేది కాదు. చర్చి మూసేశారు. మా తెలుగువాళ్ళ ప్రార్థన కంప్యూటర్‌లోకి మారింది, అందులో అందరూ ఒకేసారి పాడితే పాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి నడవకూడదన్నారు. ఆ రెండు కిలోమీటర్లలోనూ బోయిన్ నది ఒడ్డున ఎవరైనా ఎదురుపడితే అవతలి వైపుకి తప్పుకునేవాళ్ళు. తప్పుకుంటూ "సారీ" అనేవాళ్ళు. కొన్ని సెలవు రోజుల్లో నేను విన్న మనిషి మాట ఆ ఒక్క సారీయే.

పదకొండో నంబరు గదిలో ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవారు. ఎనభై ఏడేళ్ళు. పొడుగాటి మనిషి, పెద్ద పెద్ద చేతులు. ఆయన్ని కొత్తగా చూసినవాళ్ళెవరికైనా ఎక్కడో చూసిన ముఖమే అనిపించేది. నాకూ అనిపించింది. నేను చేరిన కొత్తలో మా సీనియర్ కేరర్, అరవైకి దగ్గరపడ్డ ఐరిష్ ఆవిడ, చెప్పింది: "ఆయన సినిమా యాక్టర్. యాభై ఏళ్ళకి పైగా అదే పని."

నేను ఆరోజు ఆయనకి టీ ఇస్తూ, "మీరు హీరో అట కదా సర్," అన్నాను.

"హీరో కాదమ్మా. హీరోకి తలుపు తీసేవాణ్ణి," అన్నారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. నాకు గుర్తున్నట్టు నా తెలుగులో రాస్తున్నాను.

అంతకు మించి అప్పట్లో మేం మాట్లాడుకున్నది లేదు. ఆయన ఉదయం పూట పేపరు చదువుకునేవారు, మధ్యాహ్నం పెద్ద హాల్లో కిటికీ పక్కన కూర్చునేవారు. తలుపులు మూశాక ఆ హాలు కూడా మూసేశారు. ఎవరి గదిలో వాళ్ళు, భోజనం కూడా అక్కడే. ఏప్రిల్‌లో మాకందరికీ మాస్కులు వచ్చాయి. మాస్కు మీద ప్లాస్టిక్ షీల్డు, ఒంటికి నీలం ఏప్రన్, చేతులకి గ్లౌజులు. ఆ వేషంతో మొదటిసారి సూప్ తీసుకెళ్ళినప్పుడు ఆయన గిన్నె వైపు చూడలేదు.

"ఎవరు నువ్వు?"

"నేనే సర్. నిన్న కూడా వచ్చాను."

"నిన్న వచ్చినావిడకి ముఖం ఉంది."

మాస్కు వెనకాల నవ్వాను. ఆ నవ్వు ఆయనదాకా చేరలేదు. ఆయన కాసేపు నన్ను అలాగే చూసి, చెంచా చేతిలోకి తీసుకున్నారు.

"నా మొదటి మూడు సినిమాల్లో నాకూ ముఖం లేదు. కూర్చో, చెప్తాను."

కూర్చోవడానికి మాకు అనుమతి లేదు. నిలబడే విన్నాను.

ఆయన పుట్టింది అమెరికా మధ్యలో, గోధుమ చేల మధ్య ఊళ్ళో. నాన్న గుర్రపు జీనులు కుట్టేవాడు. ఇరవై రెండేళ్ళప్పుడు బస్సెక్కి లాస్ ఏంజెలెస్ వెళ్ళారు. నటన రాదు, గుర్రం ఎక్కడం మాత్రం వచ్చు. ఆ రోజుల్లో గుర్రాల సినిమాలు వారానికొకటి తీసేవాళ్ళట. దొంగల ముఠాలో ఒకడిగా తీసుకున్నారు. ముక్కు మీదుగా గుడ్డ కట్టుకుని, గుర్రం మీద వచ్చి, హీరో తుపాకీ పేల్చగానే కింద పడిపోవాలి. అంతే వేషం.

"మా అమ్మ వీధిలోవాళ్ళందర్నీ వెంటేసుకుని సినిమాకి వెళ్ళింది. నేను ఎక్కడున్నానో కనిపెట్టలేకపోయింది. ఉత్తరం రాసింది, నువ్వు నిజంగా అందులో ఉన్నావా, లేక మాకు అబద్ధం చెప్పావా అని."

"మీరేం రాశారు?"

"రెండో సినిమాలో మూడో గుర్రం మీద ఉంటాను చూడమని రాశాను. అందులోనూ గుడ్డే."

సూప్ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి తెస్తానంటే వద్దని తాగేశారు. నేను తలుపు దగ్గరికి వెళ్ళాక వెనక్కి పిలిచారు.

"ఆ మూడో సినిమాకి ఒక ముసలి డైరెక్టర్. నేను గుడ్డ గురించి ఏడుస్తుంటే ఆయనన్నాడు, కెమెరా చూసేది కళ్ళనేరా, మూతి ఎవడికి కావాలి అని. నువ్వు లోపలికొచ్చి మాట మొదలుపెట్టేశావు. అలా చెయ్యకు. ముందు తలుపు దగ్గర ఆగు. అవతలివాళ్ళు నీ కళ్ళు చూసేదాకా ఆగు. తర్వాత కనుబొమ్మలు కొంచెం పైకెత్తు. తర్వాత రెప్పలు మెల్లగా ఒకసారి వెయ్యి. అప్పుడు మాట్లాడు."

"ఇప్పుడు చెయ్యమంటారా?"

"చెయ్యి మరి."

చేశాను. బాగా రాలేదన్నారు. రెప్పలు తొందరగా వేశానట. మర్నాడు మళ్ళీ చేయించారు. మూడో రోజుకి, "ఊ, ఇప్పుడు మనిషిలా ఉన్నావు," అన్నారు.

ఆరో నంబరు గదిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేది. మతిమరుపు బాగా ముదిరింది. మాస్కులు వచ్చినప్పటి నుంచి మమ్మల్ని చూస్తే దుప్పటి ముఖం మీదికి లాక్కుని కేకలు పెట్టేది. ఒంటి మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. ఆ వారం నేను ఆమె గది గుమ్మంలో ఆగాను. లోపలికి అడుగు వెయ్యకుండా, మాట్లాడకుండా, ఆమె దుప్పటి అంచు కొంచెం దించి చూసేదాకా నిలబడ్డాను. కనుబొమ్మలెత్తి రెప్పలు మెల్లగా వేశాను. ఆమె చాలాసేపు చూసింది. చివరికి, "లోపలికి రా, తలుపెయ్యి, చలిగాలి కొడుతోంది," అంది. ఆరోజు నా చేత జుట్టు దువ్వించుకుంది.

ఈ సంగతి పదకొండో గదిలో చెప్తే ఆయన పొగడలేదు. "తల కొంచెం పక్కకి వంచి చూడు, ఇంకా త్వరగా నమ్ముతారు," అన్నారు. రెండు రోజుల తర్వాత మా సీనియర్‌తో కూడా అదే చేయించారు. మే నెలకి మా వింగ్‌లో అయిదుగురు కేరర్లం గుమ్మాల్లో ఆగి కనుబొమ్మలు ఎగరేస్తూ తిరిగేవాళ్ళం.

నా సెలవు మధ్యాహ్నాలు ఎలా గడవాలో తెలియనప్పుడు ఆయన సినిమాలు చూడడం మొదలుపెట్టాను. పేర్లు ఆయనే చీటీ మీద రాసిచ్చేవారు. కొన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవి. మంచం మీద దిండుకి ఫోన్ ఆనించి, కంచంలో పప్పన్నం కలుపుకుని చూసేదాన్ని. కథ నాకు పట్టేది కాదు. ఆయన ఎప్పుడొస్తారా అని కాచుక్కూర్చునేదాన్ని. ఒకదాంట్లో హోటల్ గుమాస్తా. ఒకదాంట్లో పోలీసు. ఒకదాంట్లో కోర్టులో లేచి నిలబడి, "అవును, ఇతన్నే చూశాను," అని కూర్చుంటారు. ఒక యుద్ధం సినిమాలో ఉత్తరం చదువుతూ చదువుతూ చచ్చిపోతారు. ఒక టీవీ సీరియల్లో డాక్టరుగా వచ్చి, తెల్ల కోటు జేబులో చెయ్యి పెట్టుకుని, "మేం చెయ్యగలిగిందంతా చేశాం," అంటారు. ఆ మాట మన సినిమాల్లో కూడా ఎన్నిసార్లు విన్నానో. నాకు నవ్వొచ్చింది. ఖాళీ ఇంట్లో నా నవ్వు నాకే కొత్తగా వినబడి ఆగిపోయాను.

దొరికినవి దొరికినట్టు చూడడంతో ఆయన వయసు నాకు వరసగా కనబడలేదు. సోమవారం అరవై ఏళ్ళ జడ్జి, గురువారం ముప్పై ఏళ్ళ దొంగ. మర్నాడు డ్యూటీకెళ్ళి ఆయన కాళ్ళకి సాక్సులు తొడుగుతుంటే, నిన్న చూసిన కుర్రవాడి కాళ్ళు ఇవేనా అనిపించేది.

"ఎక్కడ కనిపించాను?" అనేవారు రాగానే.

"గంట దాటాక. టెలిఫోన్ పట్టుకుని నిలబడ్డారు."

"ఏం అన్నాను?"

"ఏమీ అనలేదు. విని పెట్టేశారు."

"ఒక మాట ఉండేది. కోసేశారన్నమాట," అన్నారు ఒకసారి. యాభై ఏళ్ళ కిందట కోసేసిన మాటకి ఆయన ఆరోజు బాధపడడం నేను చూశాను. తర్వాత ఆ మాటేమిటో నాకు చెప్పి వినిపించారు. గొంతు ఒక్కసారిగా మారింది, వీపు నిటారుగా అయింది. చెప్పడం అయిపోయాక మళ్ళీ కుర్చీలో ముసలాయనే.

ఆ వృత్తిలో ఆయన్ని అన్నిటికంటే బాధపెట్టింది ఏమిటని ఒకసారి అడిగాను. చిన్న వేషాలని అంటారనుకున్నాను.

"అదేం కాదు. వీధిలో నన్ను చూసి జనం ఆగిపోయేవాళ్ళు. ముఖం తెలుసు, ఎక్కడో తెలియదు. మీరు మా పిల్లాడి స్కూల్లో పనిచేశారా, మా చర్చికి వచ్చేవారా అని అడిగేవాళ్ళు. సినిమాల్లో చూసి ఉంటారు అనేవాణ్ణి. ఏ సినిమా అనేవాళ్ళు. పేర్లు చెప్తే ఒక్కటీ గుర్తొచ్చేది కాదు. చివర్లో చివర్లో అవునండీ, స్కూల్లో పనిచేశాను అని చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ళు సంతోషించేవాళ్ళు."

ఆయనకి మొదటి భార్య వల్ల ఒక కూతురు. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు విడిపోయారు. ఆ ఏడూ ఆ తర్వాతి ఏడూ సినిమా పని లేక, ఇళ్ళకి రంగులు వేసేవారట. కూతురు ఇప్పుడు అమెరికాలోనే, పడమటి తీరాన. ఆదివారం సాయంత్రాలు హోమ్‌లోని టాబ్లెట్ తెర మీద కనిపించేది. నేను టాబ్లెట్ పట్టుకుని నిలబడేదాన్ని.

"ఎలా ఉన్నావు నాన్నా?"

"గ్రాండ్. నువ్వు?"

"బాగున్నాను. అక్కడ వాన పడుతోందా?"

"పడుతోంది."

ఇక్కడివాళ్ళు ఏదడిగినా గ్రాండ్ అంటారు. ఆయనకి ఆ మాట అలవాటైపోయింది. ఆ ఫోన్లు అయిదు నిమిషాలు దాటేవి కావు. కట్ అయ్యాక ఇద్దరం కాసేపు ఆ నల్ల అద్దాన్నే చూసేవాళ్ళం. నేను మా పాప గురించి ఆలోచించేదాన్ని. అది అప్పటికే నాతో ఫోన్లో, "తిన్నాను, ఆడుకున్నాను," అని చెప్పి వాళ్ళ నాన్నకి ఫోన్ ఇచ్చేయడం నేర్చుకుంది.

ఆయన్ని ఐర్లండ్‌కి తెచ్చింది కూడా సినిమానే. ఏదో పాతకాలపు కథ తీయడానికి విక్లో కొండల్లో రెండు నెలలు ఉన్నారు. ఆయనది మతగురువు వేషం. ఆ అంగీ భుజాల దగ్గర బిగుతైతే విప్పి కుట్టిన ఐరిష్ ఆవిడ ఆయన రెండో భార్య. అరవై అయిదు దాటాక ఇద్దరూ ఆమె ఊరికి, సముద్రం పక్కకి, వచ్చేశారు. ఆయన చివరి వేషం ఆ ఊళ్ళోనే, డెబ్భై తొమ్మిదో ఏట. ఊరి కుర్రవాళ్ళు కొందరు కలిసి తీసిన చిన్న సినిమా. అందులో ఆయన తన ఆఖరి గుర్రాన్ని అమ్మేసే రైతు.

"అది చూశారా?" అన్నాను.

"లేదు."

"ఎందుకు?"

"అది బయటికొచ్చేలోపే ఆమె పోయింది." చీటీ మీద దాని పేరు కూడా రాసివ్వలేదు.

దాన్ని నేనే వెతికాను. ఆయన పేరు పట్టుకుని వెతికితే అక్టోబరులో దొరికింది, తీసినవాళ్ళే ఎక్కించి పెట్టారు. ముప్పావు గంట సినిమా. ఆ మధ్యాహ్నం నా గదిలో దాన్ని రెండుసార్లు చూశాను. అందులో ఆయన మొదటి నుంచి చివరిదాకా ఉన్నారు. గుర్రానికి మేత వేస్తారు, డెక్కలు శుభ్రం చేస్తారు, కొనేవాడు రాగానే కళ్ళెం అతని చేతికిస్తారు. లారీ వెళ్ళిపోతుంది. అప్పుడు ఆయన ముఖం ఒక్కటే తెర నిండా, చాలాసేపు. ఏడవరు. ఏమీ చెయ్యరు. చూస్తారు, అంతే. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

మర్నాడు చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగారు.

"ఎలా ఉంది?"

"మీరే చూడండి. నేను టాబ్లెట్‌లో పెడతాను."

రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు ఆయనే, "ఆ గుర్రం సంగతి చూద్దాం," అన్నారు. ఒక గదిలో పదిహేను నిమిషాలకి మించి ఉండకూడదని మా నియమం. అందుకని మూడు రోజులు పట్టింది చూడడానికి. మొదటి రెండు రోజులూ తప్పులు పట్టారు. బకెట్ పట్టుకోవడంలో తొందరపడ్డానన్నారు. తనకంటే గుర్రం బాగా చేసిందన్నారు. మూడో రోజు లారీ వెళ్ళిపోయాక ఆ ముఖం వచ్చింది. ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. ఆపాను.

"లారీ ఎటు వెళ్ళింది?" అని అడిగారు.

"కుడివైపు."

"నా కళ్ళు ఎటున్నాయి?"

చూశాను. కుడివైపు లేవు. తిన్నగా ఉన్నాయి, కొంచెం కిందికి.

"కెమెరా పక్కన మడత కుర్చీలో ఆమె కూర్చుంది. ఒళ్ళో ఫ్లాస్కు. అప్పటికే డాక్టర్లు చెప్పేశారు. ఇంక మూడు నెలలన్నారు. నన్ను లారీ వైపు చూడమన్నారు. నేను చూడలేకపోయాను. తీస్తున్న కుర్రాడు మళ్ళీ తీద్దామని అనలేదు." టాబ్లెట్ నా వైపు తోసి, "అది నటన కాదు. అందుకే చూడదలుచుకోలేదు," అన్నారు.

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. గ్లౌజు ఉంది మధ్యలో. పదిహేను నిమిషాలు దాటిపోయాయి. నన్ను వెతుక్కుంటూ వచ్చిన సీనియర్ గుమ్మంలో ఆగి, మా ఇద్దర్నీ చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆ క్రిస్మస్ తర్వాత జబ్బు మా హోమ్‌లోకి వచ్చింది. అంతకు ముందు ఎన్ని నెలలు కాచుకున్నామో, అదంతా వారంలో పోయింది. జనవరి మొదట్లో నాకూ పాజిటివ్ అని ఫోన్ వచ్చింది. గది దాటొద్దన్నారు. దాటినా అంటించడానికి ఆ ఇంట్లో ఇంకెవరున్నారని. డ్రోహెడా ఆసుపత్రిలో పనిచేసే మా తెలుగు ఆంటీ ఒకావిడ రోజు విడిచి రోజు గేటు దగ్గర సంచీ పెట్టి, రోడ్డు మీద నుంచే ఫోన్ చేసేది.

"ఏమ్మా, లేచావా? చారు పెట్టాను. వేడిగా ఉండగానే తాగు. కిటికీలోంచి ఒకసారి చెయ్యి ఊపు, చూసి వెళ్తాను."

చెయ్యి ఊపేదాన్ని. ఆమె కారు వెళ్ళిపోయేది. మా ఆయనకి జ్వరం సంగతి చెప్పాను కానీ ఊపిరి అందకపోవడం చెప్పలేదు. చెప్పి ఏం లాభం, రాలేడు కదా.

మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది. హోమ్ నంబరు. డ్యూటీ గురించేమో అనుకున్నాను. పదకొండో గది ఆయన.

"నీ నంబరు బతిమాలి తీసుకున్నాను. ఎలా ఉన్నావు?"

"గ్రాండ్," అన్నాను.

"అబద్ధం చెప్పకు, నీ గొంతు నాకు తెలుస్తుంది. నువ్వు మాట్లాడక్కర్లేదు. నేను చెప్తాను, విను."

ఆయన చెప్పింది ఎప్పటికీ పూర్తికాని ఒక సినిమా కథ. నలభై అయిదో ఏట ఆయనకి ఒకే ఒకసారి ప్రధాన పాత్ర దొరికింది. ఊరూరా తిరిగి గడియారాలు బాగుచేసే మనిషి వేషం. పది రోజులు షూటింగ్ జరిగింది. పదకొండో రోజు నిర్మాత గుండె ఆగి చనిపోయాడు, సెట్లు పీకేశారు. ఆ పది రోజులూ తీసిన సీన్లు ఆయనకి మాట పొల్లుపోకుండా గుర్తున్నాయి. రోజుకొక సీను, మూడింటికి, అందరి గొంతులూ ఆయనే మార్చి చెప్పేవారు. ఆడమనిషి మాట వచ్చినప్పుడు గొంతు సన్నగా చెయ్యకుండా, మాట వేగం మాత్రం తగ్గించేవారు. నాకది ఇంకో మనిషిలాగే వినబడేది. దుప్పటి కప్పుకుని, ఫోన్ చెవి పక్కన దిండు మీద పెట్టుకుని వినేదాన్ని. కొన్ని రోజులు మధ్యలో నిద్రపోయాను. నిద్రపోయానని ఆయనకి తెలిసేదట. ఆ సీను మర్నాడు మళ్ళీ చెప్పేవారు.

గడియారాలవాడు కొండ మీది ఊళ్ళో ఒక విధవరాలి ఇంట గోడ గడియారం విప్పి, ముక్కలన్నీ బల్ల మీద పరుస్తాడు. ఆమె కొడుకు యుద్ధానికి వెళ్ళిన రోజు ఆగిపోయిన గడియారం అది. అక్కడితో కథ ఆగింది.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత లేదు. అక్కడిదాకానే తీశారు."

"కథ రాసినవాళ్ళు చెప్పలేదా?"

"చివరి కాగితాలు ఏరోజుకారోజు ఇస్తామన్నారు. ఇవ్వలేదు. నలభై ఏళ్ళ నుంచి ఆలోచిస్తున్నాను. నువ్వు చెప్పు."

నాకు జ్వరం తగ్గుముఖం పట్టింది ఆరోజే. మా ఒంగోలు సినిమా హాల్లో అయితే ఎలా ముగిస్తారో అలా చెప్పాను. గడియారం మళ్ళీ కొట్టుకుంటుంది, సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడవుతుంది, కొడుకు వస్తాడు. తల్లీకొడుకులు పట్టుకుని ఏడుస్తారు. గడియారాలవాడికి ఆ ఊళ్ళోనే ఇల్లు చూసిపెడతారు. అవతల ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"ఏం, బాగాలేదా?"

"చాలా బాగుంది. అలా రాసి ఉంటే నేను స్టార్‌నయ్యేవాణ్ణి."

పదిహేడు రోజులకి డ్యూటీలో చేరాను. మా వింగ్‌లో మూడు గదులు ఖాళీగా ఉన్నాయి. ఆరో నంబరు గది వాటిలో ఒకటి. టీచరమ్మ దువ్వెన ఇంకా సొరుగులోనే ఉంది. పదకొండో గదికి జబ్బు రాలేదు. ఆయన టీకా కూడా వేయించుకున్నారు. నన్ను చూసి, "చిక్కిపోయావు. రేపటి నుంచి నా గంజి కూడా నువ్వే తాగు," అన్నారు.

ఆ తర్వాత నెల రోజులే ఆయన ఉన్నది. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలో కునుకు తీశారు, మళ్ళీ లేవలేదు. గుండె, అన్నారు డాక్టరు. నేను ఆరోజు సెలవులో ఉన్నాను. సీనియర్ ఫోన్ చేసి చెప్పింది. బాధపడలేదట, చేతిలో పేపరు అలాగే ఉందట.

అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. ఆయన భార్య తరఫువాళ్ళు ఏడుగురు వచ్చారు. అప్పట్లో ఇక్కడ అందరూ చేసినట్టే మిగతావాళ్ళం దారి పక్కన దూరం దూరంగా నిలబడ్డాం. చలి. శవపేటిక ఉన్న కారు మా హోమ్ గేటు ముందుకి రాగానే నెమ్మదించి, ఒక్క నిమిషం ఆగింది. సీనియర్ శిలువ గుర్తు వేసుకుంది. కారు కదిలి చర్చి వైపు వెళ్ళింది. మేం లోపలికెళ్ళి చేతులు కడుక్కుని మధ్యాహ్నం టీలు పంచాం.

మార్చిలో ఒక ఆదివారం ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది. టాబ్లెట్‌లో చూసిన ముఖమే కానీ మేం ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానా?" అంది.

"లేదండీ. ఈరోజు నాకు సెలవు."

"నాకు ఆయన సంగతులు తెలియవు. చిన్నప్పుడు టీవీలో వచ్చినప్పుడు మా అమ్మ ఛానల్ మార్చేది. తర్వాత నాకే అలవాటైపోయింది. మీరు ఆయన దగ్గర ఎక్కువసేపు ఉండేవారని అక్కడివాళ్ళు చెప్పారు. ఆయన ఎలాంటి మనిషి?"

టీలో రెండు చెంచాల పంచదార వేసుకునేవారని చెప్పాను. సాక్సు ఎడమ కాలికే ముందు తొడగాలనేవారని చెప్పాను. ఆమె వింటోంది. గడియారాలవాడి కథ చెప్పాను, మాకు నేర్పిన పాఠం చెప్పాను. గుర్రం సినిమా ఎక్కడ దొరుకుతుందో చెప్పి, ఆఖరున ఆయన చూపు లారీ మీద ఎందుకు లేదో కూడా చెప్పాను. అది చెప్పొచ్చో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గంటకి పైగా మాట్లాడుకున్నాం. నడుమ నడుమ అటు నుంచి ఏ శబ్దమూ వచ్చేది కాదు. ఉన్నారా అంటే, ఉన్నానని చెప్పేది.

"వచ్చే ఆదివారం మళ్ళీ చెయ్యొచ్చా?" అని అడిగింది చివర్లో.

"చెయ్యండి," అన్నాను.

తర్వాతి ఆదివారం చేసింది. ఆ పై ఆదివారం కూడా. వారం మధ్యలో తను చూసిన సినిమా గురించి చెప్పేది. యుద్ధం సినిమాలో ఉత్తరం చదివేది చూసి తన కొడుకుని పిలిచి చూపించిందట. ఆ పిల్లవాడు తాతగారు మళ్ళీ ఎప్పుడు కనిపిస్తారని సినిమా అయ్యేదాకా కూర్చున్నాడట. మే నెల తర్వాత ఆమె ఫోన్లు పలచబడ్డాయి. ఆగస్టులో మావాళ్ళకి వీసాలు వచ్చాయి. నాకు రిజిస్ట్రేషన్ వచ్చి డండాక్‌లో నర్సు ఉద్యోగం దొరికి, అక్కడ ఇల్లు చూసుకున్నాం. మారిన నంబరు ఆమెకి పంపాను. గుండె బొమ్మ ఒకటి పెట్టింది. ఆ తర్వాత ఆమె చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.